ఒకప్పుడూ వేడెక్కిన భూమి: పాఠకుల సందేహాలు, జవాబులు

గత సంచికలో భూతాపం మీద వచ్చిన వ్యాసానికి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే అభ్యంతరం చుట్టూ తిరిగాయి. భూమి ఇంతకుముందు ఎన్నోసార్లు వేడెక్కింది, ఎన్నోసార్లు చల్లబడింది, అలాంటప్పుడు ఈసారి నేరాన్ని మనిషి మీద ఎందుకు మోపుతున్నారన్నది వాటి సారాంశం. కొందరు మర్యాదగా అడిగారు, కొందరు కోపంగా అడిగారు. కోపంగా వచ్చిన ఉత్తరాల్లోనూ జవాబు చెప్పి తీరవలసిన ప్రశ్నలు ఉన్నాయి కనుక వాటిని పక్కన పెట్టలేదు. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్కో ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: క్రీ.శ. 1000 ప్రాంతంలో వైకింగులు గ్రీన్‌లాండ్‌లో పశువులను పెంచి వ్యవసాయం చేశారు. ఇంగ్లండ్‌లో ద్రాక్ష పండింది. అప్పుడు కర్మాగారాలు లేవు, మోటారు వాహనాలు లేవు. మధ్యయుగపు ఆ వేడికి ప్రకృతే కారణమైనప్పుడు నేటి వేడికి కూడా ప్రకృతే కారణం కాకూడదా?

జవాబు: ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆనాడు ఎక్కడ ఎంత వేడిగా ఉండేదన్నది ఒకటి, ఆనాటి కారణమే ఈనాడూ పనిచేస్తోందా అన్నది మరొకటి. మొదటిదానికి ఏ జవాబు వచ్చినా రెండోది దానంతట అది తేలిపోదు. ఈ వివాదంలో తెగకుండా సాగే వాదనల్లో చాలావాటికి ఈ రెండింటినీ విడదీయకపోవడమే మూలమని నా అభిప్రాయం.

మధ్యయుగపు వెచ్చని కాలం అన్న భావనకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు బ్రిటన్‌కు చెందిన శీతోష్ణస్థితి శాస్త్రవేత్త హ్యూబర్ట్ ల్యాంబ్. 1965లో ఆయన ప్రచురించిన పరిశోధనకు ఆధారాలు ప్రధానంగా పశ్చిమ ఐరోపావి, అందులోనూ ఎక్కువగా ఇంగ్లండ్‌వి. ఆ ప్రాంతం మేరకు ఆయన చెప్పినదానిలో నిజం ఉంది. ఉత్తర అట్లాంటిక్ చుట్టుపక్కల సుమారు 950 నుంచి 1250 వరకు వాతావరణం అటు తర్వాతి శతాబ్దాలతో పోలిస్తే వెచ్చగానే ఉండేది. 985 ప్రాంతంలో ఎరిక్ ద రెడ్ అనే వైకింగు నాయకత్వంలో ఐస్‌లాండ్ నుంచి వెళ్లినవారు గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన లోయల అంచున స్థిరపడ్డారు. ఆ దీవిలో అత్యధిక భాగాన్ని కప్పిన మంచుపలక అప్పటికే లక్షల ఏళ్ల పాతది. వారు సాగుచేసింది దాని అంచున మిగిలిన సన్నని పచ్చిక నేలను. జనాన్ని ఆకర్షించడానికే ఎరిక్ దానికి ‘పచ్చని నేల’ అని పేరు పెట్టాడని ఐస్‌లాండ్‌వారి పాత రాతలే చెబుతున్నాయి. గ్రీన్‌లాండ్‌లో స్థిరపడిన ఆ వైకింగుల గురించి దొరికిన చివరి లిఖిత ఆధారం 1408లో అక్కడి హ్వాల్సే చర్చిలో జరిగిన ఒక పెళ్లి. ఈనాడు అదే దక్షిణ గ్రీన్‌లాండ్‌లో గొర్రెలను పెంచుతున్నారు, బంగాళాదుంపలు పండిస్తున్నారు.

ద్రాక్ష సంగతి ఇంకా బలహీనమైన సాక్ష్యం. 1086లో ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల సర్వేలో 40కి పైగా ద్రాక్షతోటలు నమోదయ్యాయి. ఇప్పుడు అక్కడ అవి వందల సంఖ్యలో ఉన్నాయి. పైగా ద్రాక్షసాగు ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే ఆధారపడదు. 12వ శతాబ్దంలో వివాహబంధం ద్వారా ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం ఇంగ్లండ్ రాజు ఏలుబడిలోకి వచ్చి, అక్కడి ద్రాక్షసారాయి ధారాళంగా దిగుమతి అవుతున్నప్పుడు సొంతంగా పండించుకోవలసిన అవసరం తగ్గడం సహజం. పంట ఉన్నదా లేదా అన్నదాన్ని ఉష్ణమాపకంగా వాడడంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది.

ఇక ప్రపంచం మొత్తం సంగతి. చెట్ల వార్షిక వలయాలు, పగడాలు, మంచు పొరలు, చెరువుల అడుగున పేరుకున్న మట్టి, గుహల్లోని సున్నపురాతి ఊడలు వంటి వందలాది ఆధారాలను కలిపి 2019లో ఒక అంతర్జాతీయ బృందం గత 2,000 ఏళ్ల చిత్రాన్ని గీసింది. మధ్యయుగపు వేడి అన్ని ఖండాలనూ ఒకే కాలంలో తాకలేదని అందులో తేలింది. ఒకచోట 10వ శతాబ్దంలో, ఇంకొకచోట 12వ శతాబ్దంలో, మరొకచోట అసలు వేరే కాలంలో పతాక స్థాయి కనిపించింది. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన, చిన్న మంచుయుగం అని పిలిచే చల్లని దశలోనూ అంతే. మధ్య, తూర్పు పసిఫిక్‌లో అత్యంత చలి 15వ శతాబ్దంలో పడితే, వాయవ్య ఐరోపాలో అది 17వ శతాబ్దంలో పడింది. భూగోళంలో 98 శాతానికి పైగా భాగం ఒకేసారి 2,000 ఏళ్ల గరిష్ఠ వేడిని చూసిన సందర్భం 20వ శతాబ్దం ఒక్కటే.

కారణాల సంగతికి వస్తే, మధ్యయుగంలో సూర్యుడి చురుకుదనం కొంచెం ఎక్కువ, పెద్ద అగ్నిపర్వతాల పేలుళ్లు తక్కువ. 1257లో ఇండోనేషియాలోని సమాలస్ పేలుడు, ఆ తర్వాతి భారీ పేలుళ్లు, 1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించకుండా పోయిన దశ, ఇవన్నీ కలిసి తర్వాతి శతాబ్దాలను చల్లబరిచాయి. ఈ రెండు కారణాలూ ఇప్పుడు ఏమి చేస్తున్నాయో మనం నేరుగా కొలుస్తున్నాం. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి నుంచి వచ్చే శక్తిని లెక్కిస్తున్నాయి. 11 ఏళ్ల చక్రంలో సుమారు 0.1 శాతం హెచ్చుతగ్గులు తప్ప అందులో పెరుగుదల లేదు. అదే కాలంలో భూమి నిలకడగా వేడెక్కింది.

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా గమనించని అంశం ఇంకొకటి ఉంది. సూర్యుడిలో అంత చిన్న మార్పుకే భూగోళం మొత్తం చాలా వేడెక్కిందని ఎవరైనా నిరూపించగలిగితే, భూమి చిన్న తోపుడుకు కూడా గట్టిగా స్పందిస్తుందని అర్థం. అలాంటి భూమి మీద కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఫలితం ఇప్పటి అంచనాలకన్నా తీవ్రంగా ఉండాలి. మధ్యయుగపు వేడి ఎంత గొప్పదైతే మన పరిస్థితి అంత ప్రమాదకరమవుతుంది తప్ప, ఊరట కలిగించేదిగా మారదు.

ప్రశ్న: గ్రీన్‌లాండ్ మంచు నుంచి తీసిన 10,000 ఏళ్ల ఉష్ణోగ్రతల గ్రాఫును చూశాను. దాని ప్రకారం మనం ఇప్పుడు చాలా చల్లని కాలంలో ఉన్నాం. శాస్త్రవేత్తలే గీసిన గ్రాఫును శాస్త్రవేత్తలే ఎందుకు దాస్తున్నారు?

జవాబు: ఎవరూ దాచలేదు. అది గ్రీన్‌లాండ్ మంచుపలక శిఖర ప్రాంతంలో 1993 నాటికి 3,000 మీటర్లకు పైగా లోతు వరకు తొలిచి తీసిన నమూనా. దాని నుంచి ఉష్ణోగ్రతలను అంచనా కట్టి 2000లో ప్రచురించినవాడు రిచర్డ్ ఆలీ అనే అమెరికన్ శాస్త్రవేత్త. లోపం ఆ సమాచారంలో లేదు, దాని కుడి అంచుకు ‘నేడు’ అని తగిలించిన చీటీలో ఉంది. ఈ శాస్త్రంలో ‘ప్రస్తుతం’ అంటే ఒప్పందం ప్రకారం 1950వ సంవత్సరం. ఆ నమూనాలో అన్నిటికన్నా కొత్త అంకె అంతకు 95 ఏళ్ల ముందుది. అంటే గ్రాఫు 1855తో ఆగిపోతుంది. చిన్న మంచుయుగం ముగుస్తున్న రోజుల్లో గీత ఆగిపోతే మనం చలిలో ఉన్నట్టు కనిపించక మరేం కనిపిస్తుంది?

ఆ గీత భూమి మొత్తానిదీ కాదు, సముద్రమట్టానికి 3,200 మీటర్ల ఎత్తున మంచు మీద ఉన్న ఒక్క చోటుది. తర్వాత అదే మంచుపలక మధ్య, ఉత్తర భాగాల్లో మరిన్ని నమూనాలు తీసి 2011 వరకు లెక్కను పొడిగించారు. 2001 నుంచి 2011 వరకు గడిచిన కాలం అక్కడ 1,000 ఏళ్లలో అత్యంత వేడిదని, 20వ శతాబ్దపు సగటుకన్నా సుమారు 1.5 డిగ్రీలు ఎక్కువని 2023లో ప్రచురించారు.

అయితే ఆ గ్రాఫులో ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కొన్ని వేల ఏళ్ల క్రితం ఉత్తరార్ధగోళంలో వేసవులు నిజంగానే ఎక్కువ వేడిగా ఉండేవి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది ఇప్పుడు జనవరి మొదట్లో. సుమారు 10,000 ఏళ్ల క్రితం అది ఉత్తరార్ధగోళపు వేసవిలో జరిగేది. అక్షం వాలు కూడా కొంచెం ఎక్కువ. సహారా ఎడారిలో చెరువులు, గడ్డిమైదానాలు ఉండేవన్నది ఆ కాలపు సంగతే. శీతోష్ణస్థితి మార్పు మీద పరిశోధనలను సమీక్షించే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం సుమారు 6,500 ఏళ్ల క్రితం ప్రపంచ సగటు, 1850–1900 మధ్య ఉన్నదానికన్నా 0.2 నుంచి 1 డిగ్రీ వరకు ఎక్కువ. 2011–2020 దశాబ్దపు సగటు 1.09 డిగ్రీలు ఎక్కువ. ఈ పోలిక విషయంలో తమకున్నది మధ్యస్థమైన నమ్మకమేనని ఆ నివేదికే రాసింది కనుక, నేనూ దానికి మించి గట్టిగా చెప్పను. గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, కక్ష్యలో వచ్చిన ఆ మార్పు ఉత్తరార్ధగోళాన్ని వేల ఏళ్లుగా మెల్లగా చల్లదనం వైపే నడిపిస్తూ వచ్చింది. ఆ కారణం ఇంకా మారలేదు. ఉష్ణోగ్రత మాత్రం ఎదురు దారి పట్టింది.

ప్రశ్న: హాకీ కర్ర గ్రాఫు తప్పని ఎప్పుడో తేలిపోయింది కదా? భూతాపం కథంతా దాని మీదే కట్టారు.

జవాబు: ముందు ఆ గ్రాఫు ఏమిటో చెప్పాలి. మైకేల్ మాన్, రేమండ్ బ్రాడ్లీ, మాల్కమ్ హ్యూస్ 1998లో 600 ఏళ్లకు, 1999లో 1,000 ఏళ్లకు ఉత్తరార్ధగోళపు ఉష్ణోగ్రతలను అంచనా కట్టారు. దాదాపు అడ్డంగా సాగి చివర్లో పైకి లేచిన ఆ గీతకు హాకీ కర్ర అన్న పేరు వచ్చింది. 2001 నాటి ఐపీసీసీ నివేదికలో దానికి పెద్దపీట వేశారు. 2003, 2005 సంవత్సరాల్లో కెనడాకు చెందిన స్టీఫెన్ మెకింటైర్, రాస్ మెకిట్రిక్ దాని గణాంక పద్ధతిలోని లోపాలను ఎత్తిచూపారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి నియమించిన సంఘం 2006లో విచారణ జరిపి, పద్ధతి మీద వచ్చిన విమర్శల్లో కొంత పస ఉందని, అయితే వాటి వల్ల గీత పెద్దగా మారదని తేల్చింది. గత 400 ఏళ్లలో 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలే అత్యంత వేడివన్నదాన్ని ఆ సంఘం గట్టి నమ్మకంతో ఆమోదించింది, క్రీ.శ. 900 నుంచి 1600 మధ్య కాలం గురించి అంత నమ్మకం లేదని చెప్పింది. ఆ తర్వాత వేరే బృందాలు, వేరే ఆధారాలతో, వేరే పద్ధతులతో గీసిన గీతల్లో మధ్యయుగం కొంచెం ఎత్తుగా, చిన్న మంచుయుగం కొంచెం లోతుగా కనిపించాయి. చివరి లేపు మాత్రం అన్నింటిలోనూ ఉంది.

1999 నాటి పరిశోధన పత్రం తన శీర్షికలోనే అనిశ్చితి, పరిమితులు అన్న మాటలను పెట్టుకుంది. గీత చుట్టూ అనిశ్చితిని చూపే వెడల్పాటి బూడిదరంగు పట్టీ ఉంది. ఆ బొమ్మ పత్రికలకు, సభావేదికలకు చేరేసరికి పట్టీని ఎవరూ పట్టించుకోలేదు, గీత ఒక్కటే మిగిలింది. ఒక శాస్త్రపత్రాన్ని జెండాలా ఊరేగిస్తే ఎదుటివాడు ఆ జెండానే గురిచూసి కొడతాడు. ఆ విషయంలో విమర్శకులకన్నా ప్రచారకులే ఎక్కువ నష్టం చేశారనిపిస్తుంది. కొన్ని ఉత్తర ప్రాంతాల చెట్ల వలయాలు 1960 తర్వాత వాస్తవ ఉష్ణోగ్రతలతో సరిపోలడం మానేశాయన్న సంగతి కూడా నిజమే. దాన్ని పరిశోధన పత్రాల్లో చర్చించారు గానీ, సామాన్యుల కోసం గీసిన ఒక బొమ్మలో ఆ తేడా కనబడకుండా చేశారు. అలా చేయకుండా ఉండవలసింది.

ఇదే కొలత రెండో పక్షానికీ వర్తించాలి. హాకీ కర్రకు బదులుగా విమర్శకులు తరచు చూపే బొమ్మ 1990 నాటి ఐపీసీసీ నివేదికలోనిది. అందులో మధ్యయుగం పెద్ద గుట్టలా కనిపిస్తుంది. ఆ బొమ్మలో ఉష్ణోగ్రతను చూపే నిలువు గీత మీద అంకెలే లేవు. దాని వెనుక ఉన్నవి మధ్య ఇంగ్లండ్‌కు ల్యాంబ్ కట్టిన అంచనాలు. అనిశ్చితి పట్టీతో సహా గీసిన గ్రాఫును మోసమని కొట్టిపారేసి, అంకెలు లేని గ్రాఫును ప్రమాణంగా తీసుకోవడం ఏ రకమైన సంశయవాదమో నాకు బోధపడదు.

ఇక కథంతా దాని మీదే కట్టారన్నది పొరపాటు. వాతావరణంలోని వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని జోసెఫ్ ఫూరియే 1824లో ఊహించాడు. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాజుగొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫుట్ 1856లో చూపింది. అది పరారుణ కిరణాలను ఎలా పీల్చుకుంటుందో జాన్ టిండాల్ 1859 నుంచి కొలిచాడు. ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో స్వాంతే అర్హీనియస్ 1896లోనే చేత్తో లెక్కగట్టాడు. చెట్ల వలయాలన్నీ రేపు మాయమైపోయినా ఈ భౌతికశాస్త్రం చెక్కుచెదరదు.

ప్రశ్న: అంటార్కిటికా మంచులో ముందు ఉష్ణోగ్రత పెరిగి, 800 ఏళ్ల తర్వాత కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని చదివాను. కారణం ఫలితం తర్వాత వస్తుందా?

జవాబు: ఈ వెనుకబాటును కనిపెట్టినవారూ, ప్రచురించినవారూ శీతోష్ణస్థితి శాస్త్రవేత్తలే. అంటార్కిటికాలోని వోస్టోక్ పరిశోధన కేంద్రం దగ్గర తీసిన మంచు నుంచి, సుమారు 2,40,000 ఏళ్ల క్రితం ఒక మంచుయుగం ముగిసిన తీరును పరిశీలించి 2003లో ఈ అంకెను, 200 ఏళ్లు అటూ ఇటూగా, ప్రచురించారు. దీన్ని కొలవడం ఎంత కష్టమో తెలిస్తే అంకెను కొంచెం జాగ్రత్తగా పట్టుకుంటాం. మంచులో చిక్కిన గాలి బుడగ వయసు, దాని చుట్టూ ఉన్న మంచు వయసు ఒకటి కావు. పైన పడిన హిమం పదుల మీటర్ల లోతుకు కూరుకుపోయి గట్టి మంచుగా మారేవరకు అందులోని గాలి బయటి గాలితో కలుస్తూనే ఉంటుంది. అంటార్కిటికా పీఠభూమి మీద హిమం చాలా తక్కువగా పడుతుంది కనుక బుడగ మూసుకోవడానికి వేల ఏళ్లు పడుతుంది. ఆ తేడాను మరింత నిశితంగా లెక్కగట్టి, చివరి మంచుయుగపు ముగింపులో ఆ వెనుకబాటు దాదాపు లేనట్టేనని 2013లో మరో బృందం చూపింది. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన 80 ఆధారాలతో 2012లో వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. అంటార్కిటికా వేడెక్కాక కార్బన్ డయాక్సైడ్ పెరిగినా, భూగోళపు సగటు ఉష్ణోగ్రతలో ఎక్కువ భాగం ఆ వాయువు పెరిగిన తర్వాతే పెరిగింది.

మంచుయుగాలను ముగించడం మొదలుపెట్టేది భూమి కక్ష్యలోని మార్పే. దానివల్ల మొదట సముద్రం కొంచెం వేడెక్కి, సముద్ర ప్రవాహాలు మారి, నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కొంత గాలిలోకి వస్తుంది. అది మరింత వేడిని, ఆ వేడి మరింత వాయువును తెస్తాయి. మైకు ఎదురుగా స్పీకరు పెట్టినప్పుడు చిన్న గొంతు సవరింపు కూడా చెవులు చిల్లులుపడే కూతగా మారుతుంది. మొదలుపెట్టింది గొంతే అయినా కూత అంతటికీ గొంతు ఒక్కటే కారణమని ఎవరూ అనరు. కక్ష్య మార్పు వల్ల భూమికి ఏడాది మొత్తం మీద అందే శక్తిలో వచ్చే తేడా చాలా స్వల్పం. ఆ స్వల్పమైన తేడా ఒక్కటే భూమిని 5 నుంచి 7 డిగ్రీలు వేడెక్కించి, సముద్రమట్టాన్ని 120 మీటర్లకు పైగా లేపడం సాధ్యం కాదు.

అప్పుడు వాయువు సముద్రం నుంచి వచ్చింది. ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోందన్నది ఊహకు వదిలేసిన విషయం కాదు. బొగ్గు, చమురు పురాతన జీవరాశి నుంచి ఏర్పడ్డాయి కనుక, కార్బన్‌లో బరువు ఎక్కువగా ఉండే రెండు రకాల్లో కార్బన్-13 వాటిలో తక్కువ, కార్బన్-14 అసలే ఉండదు. గాలిలోని కార్బన్‌లో ఈ రెండింటి వాటా తగ్గుతోంది. కార్బన్-14 విషయాన్ని హాన్స్ సూస్ 1955లోనే గుర్తించాడు. ఇంధనం మండితే ఆక్సిజన్ ఖర్చవుతుంది, దాని పరిమాణం కూడా ఆ లెక్కకు తగ్గట్టే కొద్దికొద్దిగా తగ్గుతోంది. సముద్రం కార్బన్‌ను వదలడం లేదు, పీల్చుకుంటోంది. అందుకే దాని ఆమ్లత్వం పెరుగుతోంది. 8 లక్షల ఏళ్లపాటు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు సుమారు 180 నుంచి 300 భాగాల మధ్య ఊగిసలాడిన ఆ వాయువు ఇప్పుడు 420 భాగాలు దాటింది. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలేది మనుషులు వదిలేదానిలో ఒక శాతమైనా ఉండదు.

ప్రశ్న: ఇప్పటి వేగం మునుపెన్నడూ లేదంటారు. మరి 11,700 ఏళ్ల క్రితం గ్రీన్‌లాండ్ కొన్ని దశాబ్దాల్లోనే 10 డిగ్రీలు వేడెక్కింది కదా?

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే. వాస్తవం మీరు చెప్పినట్టే ఉంది. చివరి మంచుయుగంలో అలాంటి హఠాత్ పరిణామాలు గ్రీన్‌లాండ్‌లో 20కి పైగా జరిగాయి. ‘మునుపెన్నడూ’ అన్న మాటను ఎక్కడ, ఏ కొలతలో అని చెప్పకుండా వాడేవారికి ఇది తగిన జవాబు.

అయితే ఆ దూకుళ్లలో భూమికి కొత్తగా అందిన వేడి తక్కువ, చోటు మారిన వేడి ఎక్కువ. ఉష్ణమండలం నుంచి ఉత్తరానికి వేడిని మోసే అట్లాంటిక్ ప్రవాహం మందగించినప్పుడు గ్రీన్‌లాండ్ గడ్డకట్టింది, అంటార్కిటికా మెల్లగా వెచ్చబడింది. ప్రవాహం మళ్లీ పుంజుకోగానే ఉత్తరాన వేడి ఎగసింది, దక్షిణాన తగ్గసాగింది. ఈ ఎదురుబొదురు కదలిక రెండు ధ్రువాల మంచులోనూ కనిపిస్తుంది. ప్రపంచ సగటులో వచ్చిన తేడా గ్రీన్‌లాండ్‌లో వచ్చినదానిలో చిన్న భాగం మాత్రమే. ఇప్పుడు రెండు అర్ధగోళాలూ, నేలా సముద్రమూ కలిసి వేడెక్కుతున్నాయి. చోటు మారడం ఒక్కటే జరిగి ఉంటే ఎక్కడో ఒకచోట ఆ మేరకు చల్లబడాలి.

ఆ చరిత్రలో ఇంకో పాఠం ఉంది, అది ఊరటనిచ్చేది మాత్రం కాదు. మెల్లగా నెడితే మెల్లగానే కదులుతుందన్న హామీని ఈ వ్యవస్థ ఎన్నడూ ఇవ్వలేదు. అందులో హఠాత్తుగా తిరగబడే భాగాలు ఉన్నాయి.

ప్రశ్న: డైనోసార్ల కాలంలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికన్నా ఎన్నో రెట్లు ఉండేది, ధ్రువాల దగ్గర అడవులు ఉండేవి. జీవరాశి వర్ధిల్లింది. ఇక భయమెందుకు?

జవాబు: ఆ వాయువు ఎక్కువగా ఉన్న కాలంలో భూమి వేడిగా ఉందని మీరే చెబుతున్నారు, నాకు శ్రమ తప్పింది. ఇంకా వెనక్కి, కోట్ల ఏళ్లు వెళ్లేకొద్దీ సూర్యుడి వెలుగు కూడా తక్కువగా ఉండేదని కలుపుకోవాలి. సూర్యుడు పది కోట్ల ఏళ్లకు సుమారు ఒక శాతం చొప్పున ప్రకాశవంతమవుతున్నాడు.

జీవరాశి వర్ధిల్లిందా అన్నది మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నదాని మీద ఆధారపడుతుంది. దీనికి దగ్గరి ఉదాహరణ 5.6 కోట్ల ఏళ్ల నాటిది. పేలియోసీన్, ఇయోసీన్ యుగాల సరిహద్దులో అపారమైన కార్బన్ గాలిలోకి, సముద్రంలోకి చేరి, భూమి సుమారు 5 డిగ్రీలో అంతకుమించో వేడెక్కింది. సముద్రం ఆమ్లీకరణకు గురై, లోతు అడుగున బతికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల్లో మూడో వంతుకు పైగా జాతులు అంతరించాయి. పరిస్థితి మళ్లీ కుదుటపడడానికి లక్ష ఏళ్లకు పైగా పట్టింది. ఆ కార్బన్ వెలువడడానికి కనీసం 4,000 ఏళ్లు పట్టిందని, ఏటికి గరిష్ఠంగా 110 కోట్ల టన్నులని 2016లో ఒక అంచనా వచ్చింది. మనం ఇప్పుడు ఏటా సుమారు 1,000 కోట్ల టన్నుల కార్బన్‌ను వదులుతున్నాం.

అంత వెనక్కి వెళ్లడం ఇష్టం లేకపోతే దగ్గరివి రెండు ఉన్నాయి. సుమారు 1,25,000 ఏళ్ల క్రితం, గత మంచుయుగానికి ముందున్న వెచ్చని కాలంలో, ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందున్నదానికన్నా 0.5 నుంచి 1.5 డిగ్రీలు మాత్రమే ఎక్కువ. సముద్రమట్టం మాత్రం ఇప్పటికన్నా 5 నుంచి 10 మీటర్లు ఎత్తున ఉండేది. సుమారు 30 లక్షల ఏళ్ల క్రితం కార్బన్ డయాక్సైడ్ ఇప్పటిస్థాయికి దగ్గరగా ఉన్నప్పుడు వేడి 2.5 నుంచి 4 డిగ్రీలు ఎక్కువ, సముద్రమట్టం 5 నుంచి 25 మీటర్లు ఎక్కువ. ఈ మట్టాలు ఒక్కరోజులో రావు, శతాబ్దాలు, సహస్రాబ్దాలు పడతాయి. డైనోసార్లకు తీరప్రాంతపు నగరాలు లేవు, రేవులు లేవు, ఏటేటా సమయానికి రావలసిన పంటలు లేవు.

ప్రశ్న: చిన్న మంచుయుగం నుంచి భూమి కోలుకుంటోంది, అంతే. దీనికి వేరే కారణం వెతకడం అవసరమా?

జవాబు: కోలుకోవడం కారణం కాదు, జరిగినదానికి పెట్టిన పేరు. వేడి పెరగాలంటే ఎక్కడి నుంచో రావాలి. సముద్రం తనలో దాచుకున్న వేడిని బయటికి వదలడం వల్ల గాలి వేడెక్కుతోందనుకుంటే సముద్రం చల్లబడుతూ ఉండాలి. ఈ శతాబ్దం మొదటి నుంచి వేల సంఖ్యలో ఆర్గో తేలుడు యంత్రాలు 2,000 మీటర్ల లోతు వరకు దిగి నీటిని కొలుస్తున్నాయి. సముద్రం వేడెక్కుతోందని, భూమి అదనంగా పట్టి ఉంచుతున్న శక్తిలో 90 శాతం దాకా అక్కడికే చేరుతోందని అవి చూపుతున్నాయి.

ప్రశ్న: 1970లలో ఇదే శాస్త్రవేత్తలు మంచుయుగం వస్తుందన్నారు కదా?

జవాబు: పత్రికలు అన్నాయి, కొద్దిమంది శాస్త్రవేత్తలూ అన్నారు. 1965 నుంచి 1979 వరకు వచ్చిన పరిశోధన పత్రాలను 2008లో లెక్కించి చూస్తే, చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44, ఎటూ చెప్పనివి 20. ఆ రోజుల్లో పొగ, గంధకపు ధూళి సూర్యకాంతిని అడ్డుకుని చల్లబరుస్తున్న మాట నిజం. అందువల్ల ఆ 7 పత్రాలూ అర్థంలేనివి కావు.

ప్రశ్న: ఏ ఆధారం కనిపిస్తే మీరు మీ అభిప్రాయం మార్చుకుంటారు? ఏదీ మార్చలేదంటే అది శాస్త్రం కాదు, నమ్మకం.

జవాబు: న్యాయమైన మాట. సూర్యుడి వల్లనే వేడి పెరుగుతుంటే గాలి కింది పొరతోపాటు పైనున్న స్ట్రాటో ఆవరణం కూడా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ వల్ల అయితే కింద వేడెక్కి, పైన చల్లబడాలి. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ ఈ సంగతిని 1967లో, ఉపగ్రహ కొలతలు మొదలుకాకముందే, లెక్కవేసి చెప్పారు. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత దశాబ్దాలపాటు కొలిచి చూస్తే స్ట్రాటో ఆవరణం చల్లబడింది. ఓజోన్ పొర దెబ్బతినడం అందులో కొంత భాగానికి కారణం. అయితే ఓజోన్ ప్రభావం తక్కువగా ఉండే పై ఎత్తుల్లోనూ చల్లదనం స్పష్టంగా కనబడింది. అది వేడెక్కి ఉంటే, లేదా గాలిలోని కార్బన్-13 వాటా తగ్గకుండా ఉంటే, లేదా సముద్రం వేడిని కోల్పోతూ ఉంటే, నేను ఈ జవాబులను మరోలా రాసేవాణ్ణి. మధ్యయుగం ఇప్పటికన్నా వేడిగా ఉండేదని రేపు ఎవరైనా రుజువు చేస్తే మాత్రం, 2,000 ఏళ్ల గురించి పైన రాసిన వాక్యాన్ని దిద్దుకుంటాను. ఈ మూడు కొలతలూ దానివల్ల మారవు.